ఉండలమ్మ లేని బీడు

అనగనగా, గడ్డి ఇంకా దూడల చెవుల దాకా పెరిగే రోజుల్లో, ఓ కొండ కింద ఓ మేత బీడు ఉండేది. అక్కడో గేదెల మంద. మందకి పెద్ద కాటమయ్య అనే దున్నపోతు.

ఆ బీడులోనే ఉండలమ్మ అనే పేడపురుగు, తన వాళ్లతో కాపురముండేది. పొద్దున్న లేస్తే ఒకటే పని. పేడని ఉండ చుట్టాలి, వెనక్కాళ్లతో దొర్లించాలి, గొయ్యి తవ్వి పూడ్చాలి, అందులో గుడ్డు పెట్టాలి. మళ్లీ ఇంకో ఉండ. నడుం పట్టేసేది. అయినా దొర్లించేది.

ఓ రోజు కాటమయ్య చెల్లెలు నీలాలు ఈనింది. దూడని చూడ్డానికి పక్కకొండ మంద వస్తోందని కబురొచ్చింది.

"ఏమే ఉండలమ్మా, చుట్టాలొచ్చేవేళకి ఎదురుగా పేడ దొర్లించుకుంటూ తిరుగుతావా? పరువు పోతుంది. కొండవతలికి పొండి అందరూ" అన్నాడు కాటమయ్య.

"పోతాంలే మావా, ఒళ్లంతా నొప్పులే. మరి ఈ పేడ?"

"నువ్వు తప్ప దిక్కులేదనుకున్నావా?"

ఉండలమ్మ తోస్తున్న ఉండని అక్కడే వదిలేసి, తన వాళ్లతో కొండ దాటింది.

చుట్టాలొచ్చారు, మేశారు, పోయారు. పేడ మాత్రం పోలేదు.

కాటమయ్య కాకిని పిలిచాడు. కాకి నాలుగు కెలుకులు కెలికి, పురుగులేరుకు తిని, "నా కడుపు నిండింది బావా" అని ఎగిరిపోయింది.

ఎండని బతిమాలాడు. ఎండ పేడని పెచ్చులు కట్టించింది. కింద గడ్డి ఊపిరాడక తెల్లబడింది. "ఎండబెట్టడం వరకే నా పని" అంది ఎండ.

వానని పిలిచాడు. వాన పేడంతా కుంటలోకి తోసింది. నీళ్లు కుళ్లి చేపలు తేలాయి. "పల్లానికి తోయడమే నాకు తెలుసు" అంది వాన.

ఈగలు ముసిరాయి. గడ్డి మాడింది. నీలాలు పొదుగు ఎండింది. దూడ లేవబోయి కూలబడింది.

"అన్నా, నీ పరువు తాగి బతుకుతుందా ఇది?" అంది నీలాలు.

కాటమయ్య తల దించుకుని కొండ దాటాడు.

"వచ్చెయ్ తల్లీ. నువ్వు మా కోసం ఇంత చేస్తున్నావని తెలీలేదు."

"మీ కోసమేం కాదు మావా" అంది ఉండలమ్మ నీరసంగా. "అది నా పిల్లల కూడు. వాళ్లు తినగా మిగిలింది గడ్డి తింటుంది. గడ్డిని మీరు తింటారు. మళ్లీ మీరే నా పిల్లలకి పెడతారు. ఇందులో ఎవరు ఎవరికి పాలేరో నాకైతే తెలీదు. అలిసిపోయాను, నడవలేను. ఎక్కించుకో."

అందర్నీ కొమ్ముల మీద ఎక్కించుకుని తెచ్చాడు. గడ్డి మళ్లీ మొలిచేదాకా రోజూ తనే కొండెక్కి దిగి, నీలాలుకి నోటినిండా మేత మోశాడు. అప్పుడు తెలిసింది నడుంనొప్పి అంటే ఏంటో. దూడ బక్కచిక్కింది గానీ, నిలబడింది.

పక్కకొండ మంద మళ్లీ వచ్చింది. "ఏంటయ్యా, కొమ్ము మీద ఆ పేడపురుగు?" అని నవ్వారు.

"మా ఇంటి ఆడపడుచు" అన్నాడు కాటమయ్య. "కాస్త చూసి అడుగెయ్యండి."

పిల్లలూ, మన కంటికి ఆననివాళ్లు మోసే బరువే మన కడుపు నింపుతుంది. వాళ్లని తరిమేస్తే ముందు ఆకలితో పడేది మన ఇంటి పసిదే.