నడి ఏట్లో నూకాలు పడవ

అనగనగా ఓ రాజ్యంలో పడవ నడిపే నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆమె మొగుడు పోలయ్యకి ఆస్థాన వైద్యుడు భైరవాచారి గుండె కోసి, బాగుచేసి, కుట్టాడు. పోలయ్య లేచి తిరుగుతున్నాడు, కడుపునిండా తింటున్నాడు. అయినా వైద్యుడు ఇంటికి పంపడే! "ఇంకొన్నాళ్ళు చూడాలమ్మా" అంటాడు. వైద్యశాలలో మంచానికి రోజుకింతని కట్టాలి. ఇలాగే సాగితే నూకాలు పడవ అమ్ముకోవాల్సిందే.

ఓ రోజు రాజుగారూ, వైద్యుడూ ఏరు దాటడానికి ఆమె పడవే ఎక్కారు. నూకాలు నడి ఏట్లోకి తీసుకెళ్ళి గుండ్రంగా తిప్పడం మొదలెట్టింది.

"ఏమే, గట్టు అక్కడుంటే ఇక్కడ తిప్పుతావేం?" అని అరిచాడు వైద్యుడు.

"గాలి ఎలా ఉంటదో ఇంకాసేపు చూడాలి బాబూ. ఇవాళ్టి నుంచి చుట్టుకింత కూలి."

"అలాగైతే ఏ పడవైనా గట్టు చేరుతుందా?" అన్నారు రాజుగారు.

"చేరదు దొరా. అందుకే మా ఆయన కూడా గుండె బాగైనా ఇల్లు చేరట్లేదు. ఈ ఆచారిగారు మంచానికి రోజుకింతని తీసుకుంటారు మరి."

రాజుగారు పకపకా నవ్వారు. "ఇకమీదట రోగులు వైద్యానికి ఒక్కసారే డబ్బిస్తారు ఆచారీ. ఎన్నాళ్ళుంచుకున్నా తిండి ఖర్చు నీదే."

సాయంత్రానికి వైద్యుడే పోలయ్య మంచం దగ్గరకెళ్ళి, "లేవయ్యా, నీకేం జబ్బని పడుకున్నావు?" అని కసిరాడు.