సగం మందు దాచిన గరిసెన్న

ఎర్రచెలమ అడవిలో దుప్పులుండేవి, కుందేళ్ళుండేవి, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గూళ్ళు అల్లే గిజిగాళ్ళుండేవి. నేల కింద మాత్రం పందికొక్కులదే రాజ్యం. వాటికి పెద్ద గరిసెన్న. దొరికినదంతా ఒక్కనాడే తినకూడదు, సగం కలుగులో దాచాలి అన్నది ఆ వంశాచారం. మంచి ఆచారమే, కాదనను. కానీ గరిసెన్నకు దాని మీద ఎంత గర్వమంటే, ఎవరైనా ఆకలని నోరు తెరిస్తే చాలు, తన కలుగు గొప్పలు మొదలుపెట్టేవాడు.

ఆ ఏడు వానలు తగ్గాక గరిసెన్న కూతురు నూకాలు కాలికి రేగుముల్లు గుచ్చుకుంది. తల్లి లేని పిల్ల, తండ్రికి ఒక్కగానొక్కతి. పుండు చీము పట్టింది, కాలు వాచింది, ఒళ్ళు కాలిపోయింది. పక్క పొదలో ఉండే కుందేలు దుబ్బమ్మ కొడుక్కీ అదే పుండు, అదే జ్వరం. ఇద్దరూ పిల్లల్ని ఎత్తుకుని, అడవికంతా వైద్యం చేసే ఏదుపంది సూదమ్మ దగ్గరికి పరుగెత్తారు.

సూదమ్మ బండసందుల్లో పెరిగే ఒక పచ్చ బూజు నుంచి మందు తీసేది. మీరు ఇంట్లో బూజు పట్టిన రొట్టె నాకేరు, జాగ్రత్త! తీయడం తెలిసినవాళ్ళు తీస్తేనే అది మందు. పుండులో కంటికి కనిపించని క్రిములు చేరాయని చెప్పి, సూదమ్మ ఆ మందు పొట్లాలు కట్టి ఇద్దరికీ ఇచ్చింది.

ఇంత చిన్న పొట్లం దేన్ని చంపుతుందని గరిసెన్న పెదవి విరిచాడు. సూదమ్మ విసుక్కోలేదు. వాగు మీద గూడు అల్లుతున్న గిజిగాడిని చూపించింది.

"ఆ పిట్ట పోచకు పోచ ముడేస్తోంది కదా. క్రిమి కూడా తన చుట్టూ అలాంటి అల్లికే కట్టుకుంటుంది. ముడులు వేయడానికి దాని దగ్గర పనివాళ్ళుంటారు. మన మందు అచ్చం పోచ కొసలాగే ఉండే దొంగ పోచ. పనివాడు నమ్మి పట్టుకుంటాడు, అది చేతికి అంటుకుపోతుంది. చెయ్యి ఇరుక్కున్నాక ఇంకేం ముడేస్తాడు? అల్లిక వదులవుతుంది, నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి, క్రిమి పగిలిపోతుంది."

"మరి నా పిల్ల ఒళ్ళు పగిలిపోదా?" అన్నాడు గరిసెన్న భయంగా.

"మన ఒంట్లో ఆ అల్లికే లేదు నాయనా, అందుకే మనల్ని ముట్టుకోదు. కానీ ఒక్క మాట. కొన్ని క్రిములు పని ఆపి ముడుచుకుని పడుకుంటాయి. అల్లనివాడు దొంగ పోచను పట్టుకోడు. అవి లేచి మళ్ళీ అల్లేదాకా మందు ఒంట్లో ఉండాలి. అమావాస్య దాకా ఒక్క పూట మానొద్దు. జ్వరం తగ్గినా సరే."

అమావాస్య ఇంకా చాలా దూరం ఉండగానే జ్వరం దిగింది. నూకాలు గెంతులేసింది. గరిసెన్న మిగిలిన పొట్లాల వైపు చూశాడు. బాగున్న పిల్లకు మందెందుకు, దాచుకుంటే రేపెప్పుడైనా పనికొస్తుందని వాటిని కలుగు అడుగున ధాన్యం పక్కన పాతిపెట్టాడు. ఏరు దాటకముందే తెప్ప తగలేశాడన్నమాట.

దుబ్బమ్మ కొడుక్కీ జ్వరం దిగింది, ఇక మందు వద్దని మొండికేశాడు. మందు చేదని ఉమ్మేశాడు, ఏడ్చాడు, పొదలో దాక్కున్నాడు. దుబ్బమ్మ వదల్లేదు. లాక్కొచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ మింగించింది. జ్వరం లేని పిల్లాడికి ఇదేం పీడ అని గరిసెన్న నవ్వాడు. అమావాస్య దాకా అన్నారు, అమావాస్య దాకా వేస్తాను అని దుబ్బమ్మ తన పని తాను చేసుకుపోయింది.

అమావాస్య వెళ్ళింది. కుందేలు పిల్లాడు గరికలో పల్టీలు కొడుతున్నాడు. నూకాలుకు మళ్ళీ జ్వరం వచ్చింది, ముందుకంటే ఎక్కువ. గరిసెన్న ధీమాగా కలుగు తవ్వి పొట్లాలు తీసి మింగించాడు. జ్వరం దిగలేదు. పుండు కాలంతా పాకింది. పిల్ల కళ్ళు తెరవడం మానేసింది.

పిల్లను మోసుకొచ్చిన గరిసెన్నను చూసి సూదమ్మ మండిపడింది. అతను వెంట తెచ్చిన, దాచిన పొట్లం విప్పి చూసింది. నేల చెమ్మకు మందు విరిగిపోయిందని, ఇక అది దేనికీ అంటుకోదని చెప్పింది.

"అదొక్కటే కాదు. క్రిముల్లో కొన్నిటికి పీత డెక్కల్లాంటి కత్తెరలుంటాయి. దొంగ పోచ అంటుకోకముందే తెంపేస్తాయి. అవి మొదట కాసినే. మందు పూర్తిగా పడితే మిగతావన్నీ చచ్చేవి, ఆ కాసినిటినీ ఒళ్ళే చూసుకునేది. నువ్వు మధ్యలో ఆపావు. ఇప్పుడు ఈ పిల్ల ఒళ్ళంతా వాటి సంతానమే."

గరిసెన్న ఆమె కాళ్ళ మీద పడ్డాడు. కలుగంతా ఇచ్చేస్తాను, పిల్లను బతికించమని ఏడ్చాడు.

వాగు అవతలి మట్టిలోంచి తీసే ఇంకో మందుందని సూదమ్మ చెప్పింది. అది అల్లిక జోలికి పోదు. క్రిమి లోపలి వంటశాలలో దూరి వంట చెడగొడుతుంది. "కానీ మన చెవి లోపల కూడా అలాంటి వంటశాలలే ఉన్నాయి. ఈ మందుకు తేడా సరిగా తెలీదు. పిల్ల బతుకుతుంది. చెవులు పోవచ్చు."

పాము అలికిడి వినలేని పందికొక్కు బతుకు ఎలాంటిదో గరిసెన్నకు తెలుసు. కళ్ళు తెరవని పిల్ల చెవి నిమిరాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "వెయ్యమ్మా. ఈసారి నువ్వు చాలు అనేదాకా నేను ఆపను."

అన్నట్టే చేశాడు. మట్టి కోసం తానే వాగు ఈదాడు. మందు వేళ దాటకుండా కాచుకుని కూర్చున్నాడు. తిండి మరిచాడు గానీ పూట మరవలేదు.

నూకాలు బతికింది. పుండు మానింది. కానీ తండ్రి మాటకు జవాబు చెప్పడం మానేసింది, ఎందుకంటే ఆ మాట ఆమెకు చేరడం లేదు.

అప్పటినుంచి ఎర్రచెలమలో ఎవరింటికి మందు పొట్లాలు వచ్చినా, గరిసెన్న కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి వాకిట్లో కూర్చునేవాడు. జ్వరం తగ్గింది కదా, ఇంకా ఎందుకు అని ఎవరైనా అంటే వాదించేవాడు కాదు. కాస్త దూరంలో ఆడుకుంటున్న పిల్లను, "నూకాలూ" అని గట్టిగా పిలిచేవాడు. పిల్ల తిరిగి చూసేది కాదు. ఇంకోసారి పిలిచేవాడు. ఆ ఇంటివాళ్ళు మారు మాట్లాడకుండా పొట్లం విప్పేవాళ్ళు.

నీతి: మందు ఆపాల్సింది జ్వరం తగ్గినప్పుడు కాదు, వైద్యులు చెప్పినప్పుడు; సగంలో ఆపితే బలపడేది రోగమే.