ఇంకో మూర లోతుకు

గుండ్లగుట్ట మీద ఒకప్పుడు మట్టికోట ఉండేది. రాజులు పోయారు, బురుజులు కూలాయి, కోట నిండా సీతాఫలం చెట్లు మొలిచాయి. ఇప్పుడు ఆ చెట్ల కింద జంతువులు కాపురముంటున్నాయి. తొలకరి పడగానే ఎర్రమన్ను కరిగి పాతకాలపు మేకులు, గుర్రపు నాడాలు, అందెల మువ్వలు, రాగికాసులు నేల పొరల్లోంచి పైకి వచ్చేవి.

జంతువులకు అవెందుకని అడగొచ్చు. గుట్ట కింద ఘాటు రోడ్డు పక్కన కోతుల మంద ఒకటుంది. బస్సుల్లోంచి జనం విసిరే వేరుశనగకాయలు, అరటిపళ్లు వాటికి తినగా మిగిలిపోయేవి. గలగలమనేది, తళతళలాడేది ఏది కనిపించినా మాత్రం వాటికి ప్రాణం లేచొచ్చేది. అందుకని ప్రతి శుక్రవారం రోడ్డు పక్క బండ మీద సంత పెట్టేవి. మువ్వ ఇస్తే దోసెడు కాయలు, రాగికాసు ఇస్తే అరటి హస్తం. తుప్పు మేకు ఇస్తే ఒక్క కాయ, అది కూడా మొహం చిట్లించుకుని.

ఆ సంతకు ఠంచనుగా పోయేవాడు ముళ్లపంది కంటకయ్య. పొడుగాటి గోళ్లు, మన్ను వాసన పట్టే ముక్కు, పొద్దు వాలితే చాలు పనిలోకి దిగే ఒళ్లు. వారానికి రెండు మువ్వలో ఒక కాసో దొరికేది. కూలిన బురుజు కింద అతని బొరియ. కింద రాతి పరుపు, పైన రాతి కప్పు, ఎంత వాన కొట్టినా లోపల చుక్క పడదు. ఇంట్లో భార్య సన్నమ్మ, ఇంకా ముళ్లు గట్టిపడని రెండు పసికూనలు. లోటు లేదు. లోటు లేని ఇంట్లోనే కదా కోరికలకు తీరిక దొరికేది.

గుట్ట దిగువన వాగు ఒడ్డున జంబన్న అనే నక్క ఉండేవాడు. ఏటా శ్రావణంలో అతని బొరియ మునిగేది. ఏటా అతను తడిసిన తోకతో గుట్టెక్కి బురుజు కింది బొరియను చూసి పెదవులు తడుపుకునేవాడు. బలంతో లాక్కుందామంటే ఇంటాయన ఒంటినిండా ముళ్లు. అందుకని ఇంకో దారి వెతికాడు.

ఒక సాయంత్రం కంటకయ్య తవ్వుతుంటే జంబన్న వచ్చి పక్కన కూర్చుని, అరిగిన గోళ్లను చూసి అయ్యో అన్నాడు. ఈ కాలంలో కూడా గోళ్లతో వెతికేవాళ్లున్నారా అని ఆశ్చర్యపోయాడు. వెంట తెచ్చిన వెదురు కర్ర తీశాడు. దాని కొసకు సూదంటురాయి ముక్క కట్టి ఉంది. నేల మీద ఆడిస్తే ఒకచోట కర్ర ఠక్కున కిందికి లాగింది. గీరితే మేకు.

కంటకయ్య ఆ కర్రను పట్టి చూశాడు. ఆ లాగుడు చేతిలోంచి పాకి ఎక్కడో గుండె దగ్గర తగిలింది. రెండు చిలగడదుంపలిచ్చి కర్ర తీసుకున్నాడు. జంబన్న బేరమాడలేదు, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కర్రలో మోసం లేదు. ఇనుమును చెప్పమంటే చెప్పింది. ఆ వారం కంటకయ్య పదకొండు మేకులూ ఒక నాడా తెచ్చాడు. కోతులు మాత్రం రాగి లేదా అని అడిగాయి.

ఆ మాట కోసమే కాచుకున్నట్టు మర్నాడే జంబన్న దిగాడు.

"ఆ కర్ర పాతది బావా. ఇనుము తప్ప దానికింకేం తెలీదు. రాగిని పట్టేది వేరే ఉంది. నీకెందుకులే, ఖరీదైంది."

ఖరీదైందని చెబితే చూడకుండా ఉండగలిగేవాళ్లు ఎంతమంది? జంబన్న ఎండిన సొరకాయ బుర్ర తీశాడు. లోపల ఒక తుమ్మెద. రాగి మీదికి పోగానే అది జుమ్మంటుందన్నాడు. పొదల దగ్గరికి తీసుకెళ్లి బుర్రను చటుక్కున ఊపాడు, తుమ్మెద జుమ్మంది, తవ్వితే రాగికాసు బయటపడింది. దాన్ని పొద్దున్నే అక్కడ పాతింది జంబన్నే. కంటకయ్యకు ఆ ఆలోచనే రాలేదు. వానాకాలానికి దాచిన కాయల్లో సగం నక్క బొరియకు చేరాయి.

ఇక చూడాలి కంటకయ్యను. బుర్ర ఊపుకుంటూ గుట్టంతా తిరిగేవాడు. ఊపితే తుమ్మెద మోగక ఏం చేస్తుంది? అది మోగిన చోటల్లా తవ్వాడు. దొరికింది మన్ను. ఇదేంటని అడిగితే జంబన్న తొణకలేదు. రాగి ఉందిగానీ లోతుగా ఉంది, ఈ బుర్ర రెండు మూరలు చెబుతుంది, గోళ్లు ఒక మూర దాటలేదు, మధ్యలో నీ చెవికి సరైన మోత అందడం లేదు అన్నాడు. అందుకు చెవిచిప్పలున్నాయట. రెండు కొబ్బరిచిప్పలు, ఒక్కోదాంట్లో ఒక కీచురాయి. చెవులకు కట్టుకుంటే ఇంకో మూర లోతుకు వినిపిస్తుందట. మిగతా సగం కాయలూ పోయాయి.

సన్నమ్మ గొణిగింది. గొణిగితే వినిపించడానికి చెవులెక్కడివి, చిప్పల కింద ఉన్నాయి. చీకటిపడ్డాక ఇంటికొచ్చి కూడా తీసేవాడు కాదు. అన్నానికి పిలిస్తే రాగి పిలిచిందనుకుని గోడ తవ్వేవాడు.

తిట్టి లాభం లేదని ఆమె మూలన పడేసిన మొదటి కర్ర తీసింది. కూనల కడుపులు నిండాలి కదా. రోజూ పొద్దు వాలాక బురుజు వెనక్కి వెళ్లి, తొందరపడకుండా, అడుగు వదలకుండా నేల తడిమేది. మేకు దొరికితే తీసి పారేయకుండా అక్కడే ఒక రాయి పెట్టేది. వారం తిరిగేసరికి రాళ్లు రెండు వరసలుగా నిలబడ్డాయి. చూస్తూ చూస్తూ ఆమెకు తట్టింది. మేకులు వరసగా ఉన్నాయంటే అక్కడ తలుపుండేది. తలుపున్న చోట మనుషులు వచ్చిపోయేవాళ్లు. వచ్చిపోయే చోట ఏదో ఒకటి జారవిడవకుండా ఉంటారా? ఆ రెండు వరసల మధ్య కర్ర పక్కనపెట్టి గోళ్లతో తవ్వింది. నాలుగు మువ్వలు, ఒక కాసు. మర్నాడు ఇంకో ఆరు మువ్వలు. కూనలకు అరటిపళ్లు తినిపించింది. మొగుడికి చెప్పబోయింది గానీ అతను చిప్పలు తడుముకుంటూ బయటికెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే గండం తప్పింది. చిప్పలు కట్టుకుని కంటకయ్య వేరుశనగ చేను గట్టుదాకా దిగాడు. చేను కాపలా కుక్కలు మూడు లేచాయి. గట్టు మీద మేస్తున్న ముసలి ఎద్దు సింగన్న చూసి రంకె వేశాడు. ఒకటి కాదు, మూడు రంకెలు. కంటకయ్యకు వినిపించింది కీచురాళ్ల పాటే. ఒక కుక్క వచ్చి తన తోక పట్టేదాకా తెలియలేదు. సింగన్న కొమ్ములు వంచి అడ్డు నిలబడబట్టి ప్రాణం దక్కింది. తోక మీది ముళ్లలో సగం కుక్క నోట్లోనే ఉండిపోయాయి.

"ఇప్పటికైనా ఆ చిప్పలు విసిరికొట్టరా నాయనా" అన్నాడు సింగన్న.

"విసిరికొట్టాల్సిందే తాతా" అన్నాడు కంటకయ్య ఒగరుస్తూ. "ఇవి నాసిరకం. ఇంతకంటే మంచివి వచ్చే ఉంటాయి."

సింగన్న నెమరువేయడం ఆపి అతన్ని చాలాసేపు చూశాడు. తర్వాత మళ్లీ నెమరువేసుకున్నాడు. ఎద్దుకు చెప్పాల్సింది ఒక్కసారే చెప్పడం అలవాటు.

మంచిది రానే వచ్చింది. దాని పేరు పాతాళబుర్ర. పాము కుబుసం చుట్టిన పెద్ద గుమ్మడి డొల్ల. కంటకయ్య చిప్పలు మెడలోకి జార్చి చెవి పెట్టి విన్నాడు, ఊపి చూశాడు. చడీ చప్పుడూ లేదు.

"మోగదేంటి బావా?"

"పద్నాలుగు మూరల లోతున్నది చెవికి వినిపిస్తుందా? ఇది మోగదు. పట్టుకున్నవాడి గుండెకు తెలుస్తుంది. తెలియలేదంటే, ఏమనుకోకు బావా, అది బుర్ర లోపం కాదు."

కంటకయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నిజంగానే కొట్టుకుంటోంది. మరి దాని వెల? ఈసారి కాయలు కాదు, బురుజు కింది బొరియ. పద్నాలుగు మూరల కింద కోట ఖజానా దొరికాక ఇలాంటి బొరియలు పది కట్టుకోవచ్చని జంబన్న ధైర్యం చెప్పాడు. కంటకయ్య తల ఊపేశాడు. బుర్ర చంకలో పెట్టుకుని ఇంటి ముందుకొచ్చాక, లోపల కూనలు ఒకదాని మీద ఒకటి పడి ఆడుకోవడం చూశాక, అప్పుడు తెలిసింది తానేం అమ్మాడో. ఆకాశంలో నైరుతి మూల నల్లగా ఉంది.

లోపలికెళ్లి సన్నమ్మకు అంతా చెప్పాడు. ఆమె అరవలేదు.

"మాట ఇచ్చేశావా?"

"ఇచ్చేశాను."

"సరే. రేపు ఆయన వచ్చినప్పుడు నువ్వు నోరు మెదపకు. అది చాలు."

మర్నాడు జంబన్న తోక విదిలించుకుంటూ వచ్చాడు. మాట తప్పితే సాక్ష్యానికి ఉంటాడని సింగన్నను కూడా వెంటబెట్టుకొచ్చాడు. సన్నమ్మ ఎదురొచ్చి, రండి అన్నా, ఇల్లు మీదే, మేం సర్దుకుంటున్నాం అంది. సర్దడానికి అన్నట్టు మూలనున్న ఆకులు తొలగించింది. కింద మువ్వలు, కాసులు, విరిగిన ఒక వెండి కడియం ముక్క కుప్పగా తళుక్కుమన్నాయి.

కంటకయ్య నోరు తెరవబోయి, మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. జంబన్న మాత్రం గడపలోనే ఆగిపోయాడు.

"ఇవెక్కడివి చెల్లెమ్మా?"

"ఈ గుట్ట మీదివే అన్నా. మీరు మొదట ఇచ్చిన కర్ర ఉంది చూడండి, ఈయన మూలన పారేసింది, దాంతోనే మొదలుపెట్టాను. పది రోజులైంది." ఆమె ఆ వెదురు కర్రను జాగ్రత్తగా గుడ్డలో చుట్టింది. "ఇల్లు తీసుకోండి. ఈ కర్ర ఒక్కటీ నాకుంటే చాలు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. జంబన్న మనసులో మాత్రం సుడి తిరిగింది. తుమ్మెద ఎంతో తనకు తెలుసు, కీచురాళ్లెంతో తెలుసు, పాతాళబుర్రలో ఏముందో ఇంకా బాగా తెలుసు. ఆ సూదంటురాయిని మాత్రం తాను చెయ్యలేదు. వాగులో దొరికింది. దొరికినదాని మహిమ దొరికించుకున్నవాడికి తెలిసి ఉండాలని ఎక్కడుంది? అమ్మేవాడికి తన సరుకు మీద నమ్మకముండదు గానీ, చెయ్యిజారిన సరుకు మీద ఎక్కడలేని నమ్మకం పుడుతుంది. రెండు చిలగడదుంపలకు ఇచ్చేశానే అనుకుని లోలోపల గిలగిలలాడాడు.

"ఆ కర్ర నాకిచ్చెయ్ చెల్లెమ్మా. బొరియ మీకే ఉంచేస్తాను."

"అమ్మో, కర్ర పోతే మా పిల్లలేం తినాలి?"

"మీ కాయలన్నీ వెనక్కిస్తాను."

ఆమె ఆలోచించింది. మొగుడి వంక చూసింది, కూనల వంక చూసింది, కర్రను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. చివరికి, పెద్దమనిషి ముందు మాటంటే మాటే కదా తాతా అని సింగన్నను అడిగింది. సింగన్న తల పైకీ కిందికీ ఆడించాడు. ఆ పొద్దు గూకేలోపు కాయలన్నీ గుట్టెక్కాయి, కర్ర గుట్ట దిగింది.

కంటకయ్య తలెత్తకుండానే, కర్ర పోయింది కదా, ఇక మువ్వలెలా దొరుకుతాయని అడిగాడు. సన్నమ్మ అతన్ని బురుజు వెనక్కి తీసుకెళ్లి రాళ్ల వరసలు చూపించింది. తలుపు ఎక్కడుండేదో, దారి ఎటు పోయేదో చెప్పింది. కర్రతో చెయ్యాల్సిన పని అయిపోయింది, ఇక గోళ్ల పనే మిగిలింది అంది. కంటకయ్య మెడలో వేలాడుతున్న చెవిచిప్పలు విప్పాడు. కీచురాళ్లు రెండూ ఎగిరి గడ్డిలో పడి హాయిగా పాడుకోసాగాయి. అతను మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టాడు. ఒక్కచోట నిలిచి తవ్వి చాలాకాలమైంది, గోళ్లు సలిపాయి. సిగ్గు అంతకంటే ఎక్కువ సలిపింది. మూడోరోజుకు ఒక మువ్వ దొరికింది. దాన్ని సంతకు తీసుకెళ్లకుండా కూనలకిచ్చాడు.

జంబన్న సంగతి చెప్పాలి. పట్టిన కర్ర వదలకుండా గుట్టంతా పరిగెత్తాడు. కర్ర లాగినప్పుడల్లా మేకే. మేకు కనిపించగానే తిట్టి పారేసి ఇంకోచోటికి ఉరికేవాడు. ఒక్కచోట నిలిచి మూర లోతు తవ్వింది లేదు. ఆ ధ్యాసలో బొరియకు కట్ట వేసుకోవడం మరిచిపోయాడు. శ్రావణ వాన రానే వచ్చి, వాగు పొంగి, బొరియను ఊడ్చుకుపోయింది. అయినా అతను గుట్ట దిగలేదు.

వాన తెరిపిచ్చిన రోజు సింగన్న మేతకొచ్చి చూస్తే జంబన్న బండ మీద కూర్చుని ఉన్నాడు. తోక నుంచి నీళ్లు కారుతున్నాయి. ఒళ్లో కర్ర, చుట్టూ తుప్పు మేకులు. ఇంకా ఎందుకురా ఆ పాట్లు, పారేసి ఇల్లు చూసుకో అన్నాడు సింగన్న.

జంబన్న కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాయి మంచిదే తాతా. వెదురే కాస్త పొట్టిదైంది. ఇంకో రెండు మూరలు పొడుగైతే సరిపోతుంది."

నీతి: తవ్వే ఓపిక లేనివాడికి ఏ పనిముట్టూ చాలదు.