ఆరు రోజుల పాట

మణిగిరి రాజు కేసరివర్మకు ఒకనాడు నిండు కొలువులో వరసగా ఏడు తుమ్ములు వచ్చాయి.

ప్రతి తుమ్ముకూ సభ "చిరంజీవ" అంది. ఏడోదానికి ఆస్థాన జ్యోతిష్కుడు శకునం మంచిదేనన్నాడు. వైద్యుడు మాత్రం వంగి, కింద పరిచిన పెద్ద తివాచీని వాసన చూసి, "దుమ్ము, మహారాజా" అన్నాడు.

అప్పటికప్పుడు రాజుగారికి ఓ ఆలోచన వచ్చింది. కోట తివాచీలు శుభ్రం చేసే గుత్తకు మర్నాడే వేలంపాట పెట్టించాడు. పాట డబ్బుల్లో కాదు, రోజుల్లో. కూలి ఎవరికైనా ఒకటే. తక్కువ రోజుల్లో చేస్తానన్నవాళ్ళదే పదేళ్ళ గుత్త. కొలువు ఆగడం ఆయనకు ఇష్టం లేదు మరి.

పాటకు వచ్చింది ఇద్దరే. ఒకరు భుజంగరాయుడు. రాజుగారి పట్టాభిషేకం నాటినుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా, ఆ గుత్త ఆయనదే. చేతికింద నలభైమంది, చేతివేళ్ళకు ఆరు ఉంగరాలు. రెండోది చెంగమ్మ. వాగు ఒడ్డున తివాచీలు ఉతుకుతుంది. ఉన్నది నలుగురు పనివాళ్ళు. ఈ గుత్త రాకపోతే వచ్చే వారం వాళ్ళని మానిపించాలి. ఆ మాట వాళ్ళకెలా చెప్పాలో తెలియక నిన్నటినుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

"మూడు రోజులు" అన్నాడు రాయుడు.

"ఆరు రోజులు" అంది చెంగమ్మ.

మంత్రి ఆమెకేసి చూశాడు. "తగ్గించాలమ్మా. పెంచడం కాదు."

"తెలుసండి. ఆరు."

"రెండు" అన్నాడు రాయుడు.

"ఆరు."

"ఒక్క పూట. పాపం, ఆవిడకు వచ్చిన అంకె అదొక్కటేలా ఉంది."

సభ నవ్వింది. చెంగమ్మకు "అయిదు" నోటిదాకా వచ్చింది. ఇంటి దగ్గర నలుగురు పనివాళ్ళూ కళ్ళముందు తిరిగారు. కానీ తిరగేసి కొట్టడానికి మూడు రోజులు, ఉతకడానికి ఒకటి, నీడన ఆరడానికి రెండు. అందులో ఏ రోజు తీసేయాలో ఆమెకు తోచలేదు.

గుత్త రాయుడిదయింది. ఆ పూటే నలభైమందీ తివాచీ ఊడ్చి, తుడిచి, పన్నీరు చల్లారు. సాయంత్రానికి అది నెమలి మెడలా మెరిసింది.

పాట గెలిచినవాడికి మర్నాడు కొలువులో కోలాటంతో సన్మానం చేసి, ఓడినవాళ్ళకు తాంబూలం ఇవ్వడం మణిగిరి ఆచారం. తాంబూలం అందుకోవడానికి చెంగమ్మ వట్టికాళ్ళతో తివాచీ మీద నడిచి వచ్చింది. అరికాలి కింద ఏదో కరకరమంది. ఆగింది.

"తాంబూలం వద్దు, మహారాజా. బదులుగా ఈ తివాచీని తిరగేసి పరిపించండి. కోలాటం దానిమీదే ఆడించండి."

"తిరగేసా? ఎందుకూ?"

"శుభ్రమైంది ఎటు వేసినా శుభ్రమే కదండీ."

రాయుడు ఉంగరాల చెయ్యి ఊపాడు. "వెయ్యండి, ఎటైనా వెయ్యండి. నా పనికి వంక పెట్టినవాళ్ళు ఇంకా పుట్టలేదు."

ఇరవైనలుగురు దిగి ఆడారు. కోలలు టకటకమన్నాయి, పాదాలు దబదబమన్నాయి. చెంగమ్మ ఆ పాదాలనే చూస్తూ నిలబడింది. కాలికి తగిలింది వట్టి ఇసుక రేణువే అయితే, నిండు సభలో ఒక మనిషిని అనవసరంగా అనుమానించినట్టవుతుంది.

ఆట అయ్యాక ఎనిమిదిమంది తివాచీని పైకెత్తారు.

కింద దుమ్ము వేలెడు మందాన ఉంది. అందులో వక్కపలుకులు, తెగిన మువ్వ ఒకటి, ఇంకా గుప్పెళ్ళకొద్దీ పసుపు వెలిసిన బియ్యపు గింజలు. రాజు వంగి ఒక గింజ తీశాడు.

"ఇవి అక్షింతలు కదూ?"

"ఈ కొలువులో అక్షింతలు చల్లింది ఒక్కసారే, మహారాజా" అన్నాడు మంత్రి.

"ఎప్పుడు?"

మంత్రి రాయుడి వంక చూశాడు. చెంగమ్మ చేతులు కట్టుకుని చెప్పింది.

"తమరి పట్టాభిషేకంలోనండి. తొమ్మిదేళ్ళుగా రాయుడుగారు వాటిని భద్రంగా కాపాడుతున్నారు."

రాజుకు ఎనిమిదో తుమ్ము వచ్చింది. ఎవరూ "చిరంజీవ" అనలేదు. అందరూ రాయుణ్ణే చూస్తున్నారు. ఆయన ఉంగరాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"గుత్త నీదే చెంగమ్మా" అన్నాడు రాజు. "నలుగురు నీకేం సరిపోతారు? ఇంకో ఆరుగురిని పెట్టుకో. కానీ ఆ ఆరు రోజులూ నేనెక్కడ కూర్చోను?"

"చాప మీద, మహారాజా. చాపకు దాచడం చేతకాదు."

ముందు వైద్యుడు నవ్వాడు. తర్వాత రాజు, ఆ తర్వాత సభంతా. రాయుడి కోసం తెప్పించిన పట్టుశాలువా చెంగమ్మ చేతికొచ్చింది.

ఆమె దాన్ని తిరగేసి, ఒకసారి దులిపి, అప్పుడు కప్పుకుంది.