మూడు ముద్రలు, మూడు గాడిదలు

ఆ లక్ష్మీనరసింహస్వామి చల్లని చూపు మనందరి మీదా ఉండుగాక! వెనకనున్న అమ్మలు కాస్త ముందుకు జరగండి. ఇది గొంతు చించుకుని చెప్పే కథ కాదు, కొంచెం తల వంచుకుని చెప్పాల్సిన కథ.

ఒకానొక రాజ్యం ఉండేది, మణిశైలం దాని పేరు. ఏలిక వీరభూపతి. చెడ్డవాడని నేననను. కానీ ఆయనకు తుపాకి వందనమంటే తగని మోజు. ఆయన ఊరేగింపు ఏ ఊరి పొలిమేర తొక్కినా ఆ ఊరి తలారి ఎదురు రావాలి. తుపాకి ఆకాశంకేసి ఎత్తి ఢామ్మని పేల్చాలి. తల వంచి, మూడడుగులు వెనక్కి వేసి, "జయ విజయీభవ!" అని కేక పెట్టాలి. ఆ కేక వినగానే రాజుగారి మీసం దానంతటదే పైకి లేచేది.

ఆ రాజ్యంలో తుపాకి ముట్టుకోవాలంటే ఊరి కావలి కాసే తలారికైనా సరే, తాటాకు మీద అనుమతి ఉండాలి. "ఇతనికి తుపాకి విద్య వచ్చును. స్వయముగా చూచితిమి" అని రాసి, దాని మీద మూడు లక్క ముద్రలు వేసేవారు. కింది ముద్ర పరీక్షాధికారి కొండుభొట్లుది. నడిమిది కొత్వాలు సర్వప్పనాయకుడిది. అన్నిటికన్నా పైన రాజుగారిది.

ఈ కొండుభొట్లు సభలో అందరికన్నా చమత్కారి. ఆయన నోరు తెరిస్తే చాలు, వింజామర వీచే పిల్లలు సైతం వీచడం మాని నవ్వేవారు. ఆయన కూడా తన మాటకు తానే మురిసిపోయేవాడు. అక్కడే వచ్చింది చిక్కు.

ఒకనాడు భటులు ఒక మనిషిని తాళ్ళతో కట్టి సభలోకి ఈడ్చుకొచ్చారు. ఏనుగుమడుగు తలారి ఓబన్న. యాభై ఏళ్ళవాడు, తల ఎత్తడం లేదు.

కొత్వాలు గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, మొన్న సందెవేళ, పశువులు ఇళ్ళకు మళ్ళే వేళ, ఏనుగుమడుగు మీద దొంగలు పడ్డారు. ఈ తలారి వాళ్ళకు ఎదురెళ్ళి..."

"ఎదురెళ్ళి?"

"తుపాకి వందనం చేశాడు ప్రభూ."

రాజు సింహాసనం మీదినుంచి సగం లేచాడు. "ఎవరికి?"

"దొంగల నాయకుడికి. పైకి పేల్చి, తల వంచి, మూడడుగులు వెనక్కి వేసి, జయ విజయీభవ అన్నాడట. ఆ దొంగ మీసం దువ్వుకుని, 'ఇంత మర్యాద నాకే ఊళ్ళోనూ జరగలేదురా అబ్బాయీ' అని వీడి భుజం తట్టి, ఊళ్ళో ఎద్దులన్నీ తోలుకుపోయాడు."

ఎద్దులు పోయిన సంగతి రాజుగారి చెవిదాకా పోలేదండీ. పోయింది తన వందనం. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"ఏరా, నా వందనాన్ని దొంగకు ధారపోస్తావా? ఏమిట్రా నీ సమాధానం?"

ఓబన్న నేలనే చూస్తూ అన్నాడు. "సమాధానం లేదు దొరా. చేతికి అదొక్కటే తెలుసు, అదే చేసింది. దొంగల్ని చూడంగానే నా చేతులు వాటంతటవే పైకి లేచినాయి. ఇప్పుడు నా ఊళ్ళో దుక్కికి ఒక్క ఎద్దు లేదు. మావాళ్ళు నన్ను తిట్టలేదు దొరా. తిట్టుంటే బాగుండు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. కొండుభొట్లు కూడా ఒక చతురు విసరడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఓబన్న తల ఎత్తి ఆయన్ని గుర్తుపట్టాడు. ఆ ముఖంలో కోపం లేదు, తెలిసిన మనిషి కనబడ్డాడన్న ఊరట ఉంది.

"అయ్యగారూ, మీరే కదా నాకు అనుమతి ఇచ్చింది! నాలుగు రోజులు నడిచొచ్చాను. సీసపు గుండు ఎట్లా పెట్టాలో ఒక్కసారి చూపించండి సామీ అనడిగాను. మీరు భలే మాటన్నారు. 'నీ ఊళ్ళో ఉన్నవి కాకులే కదరా, వాటికి చప్పుడు చాలదూ?' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను."

కొండుభొట్లు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆనాడు తాను తాంబూలం నములుతూ ఈ మనిషి ముఖమైనా చూడలేదు. వందనం చేయగలవా అనడిగి, ఊ అనగానే ముద్ర కొట్టాడు. ఆ చతురు మటుకు బాగా గుర్తుంది. ఇంటికెళ్ళి భార్యకు కూడా చెప్పుకుని నవ్వాడు.

రాజు గర్జించాడు. "వీడి తల గొరిగి, సున్నపు బొట్లు పెట్టి, గాడిద మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ఊరేగించి రాజ్యం దాటించండి!"

కొండుభొట్లు మెల్లగా లేచాడు. "ప్రభూ, ఈ శిక్ష వీడొక్కడికేనా? వీణ్ణి ఇట్లా తయారుచేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే?"

"ఎవడైనా సరే! నా తోడబుట్టినవాడైనా సరే! నా వందనం దొంగపాలు కావడానికి కారణమైన ప్రతివాడూ గాడిదెక్కాల్సిందే. ఇది వీరభూపతి మాట, రాసుకోండి!"

లేఖకుడు రాసుకున్నాడు.

"మరొక్క మనవి. వీణ్ణి పంపేముందు అసలు తుపాకి ఎట్లా పేల్చాలో ఊరందరి ఎదుటా చూపిద్దాం. గడ్డితో దొంగబొమ్మ నేను చేయిస్తాను. గాడిద సంగతి కూడా నేనే చూసుకుంటాను."

"భేష్! కొత్వాలూ, నీ బలగంలో మేటి ముప్పైమందిని దింపు. వాళ్ళను చూసి వీడు సిగ్గుతో చావాలి."

"నావాళ్ళు కళ్ళు మూసుకుని పేలుస్తారు ప్రభూ," అన్నాడు కొత్వాలు.

ఆ సాయంత్రం కొండుభొట్లు సంధ్యవార్చడానికి కూర్చుంటే మంత్రం ముందుకు సాగలేదు. స్వామి ముందు కళ్ళు మూసుకుంటే ఓబన్న ముఖం. తెరిస్తే తన కుడిచేయి, ముద్ర కొట్టిన చేయి. "తండ్రీ, రేపు నాకు తెలివి ఇవ్వకపోయినా ఫరవాలేదు. సిగ్గు మాత్రం తీసేయకు," అని దండం పెట్టి లేచాడు.

తెల్లారింది. కోట ముందు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. రాజుగారు తెల్లగొడుగు కింద కూర్చున్నారు. పక్కన ఓబన్న తాళ్ళతో. ఎదురుగా పాతిక బారల దూరంలో గడ్డిదొంగ, తలకు ఎర్రగుడ్డ, బొగ్గుతో దిద్దిన మీసం. ముప్పైమంది భటులు వరసగా నిలబడ్డారు.

గుండ్లు తెమ్మంటే ఆయుధశాల తాళం తుప్పు పట్టి ఉంది, కమ్మరి వచ్చి విరగ్గొట్టాడు. గుండ్లు పంచారు. ఒక భటుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మొలతాడుకు కట్టుకోవాలా అన్నా?" అని పక్కవాణ్ణి అడిగాడు. ఇంకొకడు పోకచెక్క అనుకుని దవడన పెట్టుకున్నాడు. ఎట్లాగో నలుగురు మాత్రం గొట్టంలో వేయగలిగారు.

కొత్వాలు కత్తి ఎత్తాడు. "అదిగో దొంగ! పేల్చండి!"

ముప్పై తుపాకులు ఒక్కసారి ఆకాశంకేసి లేచాయి. ఢాం! ముప్పై తలలు వంగాయి. ముప్పై జతల కాళ్ళు మూడడుగులు వెనక్కి వేశాయి.

"జయ విజయీభవ!"

గడ్డిదొంగ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉన్నాడు.

అంతలో పైకి పోయిన గుండొకటి కిందికి దిగి, టప్పున రాజుగారి గొడుగుకు చిల్లు పెట్టి ఆయన పాదాల ముందు పడింది. ఆ చిల్లులోంచి ఒక ఎండచుక్క జారి సరిగ్గా ఆయన ముక్కు మీద నిలిచింది. ఏ ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని రాజుగారికే అనిపించింది.

"ఇదేమిటి సర్వప్పా?" అన్నాడు రాజు.

"ప్రభూ, పన్నెండేళ్ళుగా ఉన్న తుపాకి మందంతా తమ వందనాలకే సరిపోతోంది. గురి నేర్పడానికి చిటికెడు మిగల్లేదు. చెబుదామనుకున్నాను. కానీ తమ మీసం చూసి..."

అప్పుడు వినబడింది గాడిద ఓండ్ర. చాకలి ఎంకన్న ఒకటి కాదు, మూడు గాడిదల్ని తోలుకొచ్చాడు.

కొండుభొట్లు పైకండువా తీసి నడుముకు చుట్టుకుని, మొదటి గాడిద పక్కన నిలబడ్డాడు. చేతిలో ఓబన్న తాటాకు.

"ప్రభూ, నిన్నటి శాసనం ప్రకారం ఇది నాది. గుండు పెట్టడం నేర్పమని వచ్చినవాణ్ణి నవ్వించి పంపినవాణ్ణి నేను. 'స్వయముగా చూచితిమి' అన్న రాత కింద మొదటి ముద్ర నాదే. నేను చూసింది లేదు. సున్నపు బొట్లు నాకు పెట్టండి. రెండో గాడిద రెండో ముద్రవారిది, కొత్వాలుగారూ, దయచేయండి." అని ఆగాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు. "మూడో గాడిద విషయంలోనే ఎంకన్నకు సందేహం వచ్చింది ప్రభూ. దాని మీద పట్టువస్త్రం పరవాలా, వద్దా అని అడుగుతున్నాడు. నాకు తెలియక తమరినే అడుగుతున్నాను."

రాజు ఆ తాటాకు అందుకున్నాడు. అన్నిటికన్నా పైన తన ముద్రే, మీసమున్న సింహం. చాలాసేపు దానివంకే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. మీసం మొట్టమొదటిసారి కిందికి దిగింది, ఇది చూసినవాళ్ళు చెప్పిన మాట.

"కొండుభొట్లూ," అన్నాడు నెమ్మదిగా. "ఆ ఎద్దులు పోయాయని వీడు నిన్న చెప్పాడు కదూ?"

"చెప్పాడు ప్రభూ."

"నాకు వినబడలేదయ్యా."

లేచి వెళ్ళి తన చేతులతోనే ఓబన్న తాళ్ళు విప్పాడు. ఓబన్న భయపడి, అలవాటుకొద్దీ తల వంచి మూడడుగులు వెనక్కి వేశాడు. అది చూసి రాజుకు ముందు కన్నీళ్ళొచ్చాయి, ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. "ఎంకన్నా, పట్టువస్త్రం వద్దులే, మూడింటినీ వెనక్కి తోలుకుపో! నన్ను మోస్తే ఆ గాడిద పరువు పోతుంది!" అన్నాడు. అప్పుడు నవ్వింది మైదానం.

రాజు మెడలోని ముత్యాల హారం తీసి కొండుభొట్లుకు ఇవ్వబోయాడు. ఆయన చేయి చాపలేదు.

"ఇది వేసుకుని ఏనుగుమడుగు వెళ్ళలేను ప్రభూ. ఆ ఊరికి ఎద్దులివ్వండి. వందనాల మందు తలారుల గురికి ఇవ్వండి. ఇకమీదట నేను ఏ తలారికి ముద్ర వేసినా అతని ఊరివాళ్ళు ఇద్దరు నా పక్కన కూర్చుని చూడాలి. నాకు నా మీద నమ్మకం చాలదు."

మర్నాడే ఎద్దులు బయల్దేరాయి. మైదానంలో తుపాకి గురి నేర్పడం మొదలైంది. ముందు వరసలో ఓబన్న, అతని పక్కన కొండుభొట్లు. తుపాకి తన్నుకు భొట్లుగారు వెల్లకిలా పడితే ఓబన్నే లేపి దుమ్ము దులిపాడు. "మెల్లగా అయ్యగారూ, కాకులు నవ్వుతాయి," అన్నాడు. కొండుభొట్లు తుపాకి మళ్ళీ చేతికి తీసుకున్నాడు. వాళ్ళ వెనక మూడోవాడిగా, కిరీటం లేకుండా, వీరభూపతి నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు.

ఆ గొడుగు చిల్లును మాత్రం రాజు కుట్టించలేదు. ఊరేగింపులో ఎండచుక్క ముక్కు మీద పడ్డప్పుడల్లా ఒకసారి తల దించుకునేవాడట, ఒకసారి నవ్వుకునేవాడట.

మన నెత్తిమీది గొడుగుకు కూడా ఆ స్వామి అలాంటి చిల్లు ఒకటి పెట్టి ఉంచుగాక. కథ విన్నవారికీ చెప్పినవారికీ శుభం.