వైద్యశాల తడిక మీది పలక

కొండ దిగి వాగు మలుపు తిరిగే చోట నక్క వైద్యశాల ఉండేది. పాకలు నాలుగే. చుట్టూ ముళ్ళకంచె, ముందు ఒక తడిక. తడిక మీది దూలానికి ఒక చెక్కపలక తాడుతో వేలాడుతూ ఉండేది. అడవికి పెద్దదిక్కైన ఏనుగమ్మ, వైద్యం చెయ్యమని నక్కకి అనుమతిస్తూ ఇచ్చిన పలక అది. రోగులకి ఏయే హక్కులున్నాయో కూడా దాని మీదే చెక్కించింది. "లోపలున్నవాళ్ళ కంటపడేలా కట్టు" అని మరీ మరీ చెప్పింది.

నక్క కట్టింది. అక్షరాలు బయటికి, వీపు లోపలికి. జబ్బుతో మూలుగుతూ వచ్చేవాళ్ళు తలెత్తి చదవరు. లోపలికి వచ్చాక చదువుదామన్నా కనిపించేది ఉత్త చెక్క. ఏనుగమ్మ ఋతువుకొకసారి తనిఖీకి వచ్చేది. బయటే నిలబడి చూసి, "పలక ఉంది కదా" అనుకుని వెళ్ళిపోయేది.

నాలుగు పాకలూ నిండి ఉన్నంతకాలమే ఆ చల్లని వాగొడ్డు నక్కది. అదీ ఏనుగమ్మతో ఒప్పందం. అందుకని అక్కడికి వచ్చిన రోగికి నయం కావడం తేలికే గాని, నయమైందనిపించుకోవడమే కష్టం.

ఆ ఎండాకాలం ఒక పాకలో వలపటన్న అనే ముసలి ఎద్దు ఉండేవాడు. పన్నెండేళ్ళు నాగలికి కుడివైపు నడిచాడు గనుక ఆ పేరు. ఎడమవైపు నడిచినవాడు దాపటన్న. ఇద్దరూ ఒకే కాడి కింద ముసలివాళ్ళయ్యారు. రైతు వదిలిపెట్టాక కొండవాలున మందలో కలిసి బతుకుతున్నారు. ముందరికాలు విరిగితే వలపటన్న తనంతట తానే కుంటుకుంటూ వైద్యశాలకి వచ్చాడు. నల్లేరు కట్టుతో ఎముక నెల తిరక్కుండానే అతుక్కుంది. ఆ తరవాత ఇంకో నెలా గడిచింది. రోజూ నక్క ఒక దొప్పలో నల్లటి కషాయం తెస్తూనే ఉంది.

"ఇదేమిటి వైద్యులుగారూ? తాగితే రోజంతా మగతగా ఉంటోంది."

"మగతగా ఉందంటే మందు పనిచేస్తోందన్నమాట. తాగు."

"కాలు బాగానే ఉంది కదండీ."

"కాలు నీది, వైద్యం నాది. ఎవరి పని వాళ్ళం చూసుకుందాం."

వలపటన్న తాగేవాడు. అదిలిస్తే నడవడం, 'హో' అంటే ఆగడం తప్ప ఆ ఎద్దుకి జన్మలో మూడోది ఎవరూ నేర్పలేదు.

పక్క పాకలో దగ్గుతో వచ్చిన మేక ఉండేది. పేరు సింగారి. బడి అరుగుల దగ్గర పెరిగింది. పిల్లల పలకలు నాకీ నాకీ తనకి అక్షరాలు వంటబట్టాయని చెప్పుకునేది. దాని నోటికి నక్క కూడా కాస్త జంకేది.

ఒకరోజు గోరింక వచ్చి తడిక మీద వాలింది.

"వలపటన్నని పిలవండి, కబురుంది."

"రోగులకి కబుర్లు పనికిరావు. మనసు చెదురుతుంది" అంది నక్క.

"చెదిరే కబురేనండీ. దాపటన్న నాలుగు రోజులుగా గడ్డి ముట్టలేదు. లేవలేకపోతున్నాడు. 'వాణ్ణొక్కసారి చూడాలని ఉంది' అంటున్నాడు."

"చెబుతాలే. ఇక నువ్వు ఎగురు."

నక్క చెప్పలేదు. కంచె పక్కన ఆకులు నములుతున్న సింగారి మాత్రం విన్నదంతా మోసుకెళ్ళి చెప్పింది. వలపటన్న నోట్లో నెమరు ఆగిపోయింది.

"వెళ్ళిపో అన్నా" అంది సింగారి.

"అడిగి వెళ్ళాలి కదమ్మా."

అడిగాడు. నక్క మెత్తగా నవ్వింది. "రేపు చూద్దాం. తొందరపడితే ఎముక మళ్ళీ విరుగుతుంది. నీ మంచికే చెబుతున్నా."

మర్నాడు అడిగితే మళ్ళీ రేపన్నది. ఆ మర్నాడు ఏనుగమ్మ తనిఖీకి రావాలి. నక్క పాకలన్నీ ఊడ్పించే హడావుడిలో ఉంది. సింగారి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"వైద్యులుగారూ, పలక మీద దుమ్ము చూశారా? రేపు పెద్దవాళ్ళొస్తే ఏమనుకుంటారు? నాకి శుభ్రం చెయ్యనా? నా నాలుక సంగతి మీకు తెలుసుగా."

"నీ నాలుక సంగతి తెలియనిదెవరికి! సరే, నాకు. నమిలెయ్యకు మరి."

సింగారి బయటికెళ్ళి, వెనక కాళ్ళ మీద నిలబడి పలక నాకింది. నాకుతూ ఒక్కొక్క వరుసా చదివింది. చదువుతుంటే దానికి దగ్గు కూడా రాలేదు. దిగీ దిగగానే వలపటన్న దగ్గరికి పరిగెత్తింది.

"విను అన్నా! ఏ మందు ఎందుకిస్తున్నారో అడగొచ్చట. వద్దనొచ్చట. మనవాళ్ళు వస్తే చూడనివ్వాలట. తన ఇష్టాన వచ్చినవాడు తన ఇష్టాన వెళ్ళొచ్చట. అన్నీ చెక్కి ఉన్నాయి అక్కడ. అదుగో తడిక. దానికి తాడైనా లేదు, మూతితో తోస్తే చాలు!"

వలపటన్న తడిక దాకా నడిచాడు. ఆగాడు. వెనక్కి తిరిగి నక్క ఉన్న వైపు నడిచాడు.

"అయ్యో, అటెందుకు?"

"ఒక్క మాట చెప్పి వెళ్తానమ్మా. ఇన్నాళ్ళు గడ్డి వేసిన చోటు."

ఈ కథ మాకు చెప్పిన మేనత్త, ఇక్కడికి వచ్చేసరికి, "తడిక దాటడానికి రెండడుగులేనర్రా" అని మెల్లగా అనేది.

నక్క అంతా విని నిట్టూర్చింది. "ఆ పలకా? అది కొత్తగా వచ్చేవాళ్ళ కోసం. నువ్వు పాతవాడివి, నీకు వర్తించదు. మేక చదువు నమ్ముకుని కాలు పోగొట్టుకుంటావా? ఇదిగో, ఈ కషాయం తాగి పడుకో."

తాగి పడుకున్నాడు.

తను చెబితే చాలదని, ఆ మాట చెప్పాల్సిన నోరు వేరే ఉందని సింగారికి అర్థమైంది. మర్నాడు పొద్దున్నే, నక్క పాకలు సర్దే హడావుడిలో ఉండగా, "ఇంకాస్త మెరుగు పెడతా"నని మళ్ళీ బయటికెళ్ళింది. ఈసారి మూతితో పలకని తిప్పేసింది. అక్షరాలు లోపలికి, వీపు బయటికి. మళ్ళీ తిరక్కుండా తాడుని పళ్ళతో లాగి దూలం సందున ఇరికించింది.

ఏనుగమ్మ వచ్చి బయట నిలబడి తలెత్తి చూసింది. ఉత్త చెక్క.

"నక్కా, ఇందులో నా అక్షరాలేవి?"

నక్క పరిగెత్తుకొచ్చి చూసింది. ఎవరో తిప్పేశారని అనాలంటే ఇన్నాళ్ళూ అవి ఎటువైపు ఉన్నాయో ఒప్పుకోవాలి. అందుకని గబగబా అనేసింది: "తమరే సెలవిచ్చారు కదమ్మా, లోపలివాళ్ళ కంటపడాలని! అందుకే లోపలికి కట్టించాను."

"లోపలివాళ్ళలో సగం మందికి చదువు రాదు తల్లీ" అంది సింగారి కంచె మీదుగా తల పెట్టి. "మీ నోటితో ఒక్కసారి వినిపించండి. పుణ్యం ఉంటుంది."

ఏనుగమ్మ మొదటిసారి తడిక దాటి లోపలికి వచ్చింది. పలక పైకి చదివింది. చదువుతుంటే పాకల్లోంచి ఒక్కొక్క తలే బయటికొచ్చింది. ఒక కుందేలు, ఒక ముసలి దుప్పి, చివర వలపటన్న. ఆఖరి మాట ఇది: "తన ఇష్టాన వచ్చిన రోగి తన ఇష్టాన వెళ్ళవచ్చు. ఎవరి సెలవూ అక్కర్లేదు."

"అది నాక్కూడానా అమ్మా?" అన్నాడు వలపటన్న.

"నీకే నాయనా. నీలాంటివాళ్ళ కోసమే చెక్కించాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వొచ్చిన రోజు నుంచీ."

ఎద్దు తడిక తోసుకుని కొండవాలు వైపు నడిచాడు. మగత వదలని కాళ్ళు తడబడుతుంటే ఏనుగమ్మ తోడు వెళ్ళింది.

మంద ఇంకా కనిపించకముందే గోరింక ఎదురొచ్చింది.

"ఆలస్యమైంది అన్నా. నిన్న పొద్దు వాలేటప్పుడు దాపటన్న వెళ్ళిపోయాడు."

నిన్న. నిన్న పొద్దు వాలేటప్పుడు తను కషాయం తాగి పడుకుని ఉన్నాడు.

వలపటన్న అడిగాడు: "నా గురించి ఏమైనా అన్నాడా?"

"అన్నాడు. 'పాపం, వాడికింకా నయం కాలేదు కాబోలు. అడుగు వెయ్యగలిగితే రాకుండా ఉండే రకం కాదు' అన్నాడు. నీ కాలు బాగు చెయ్యమని దేవుణ్ణి వేడుకుంటూనే కళ్ళు మూశాడు."

వలపటన్న తన ముందరికాలు వైపు చూసుకున్నాడు. నిక్షేపంలా ఉన్న కాలు. మంద దాకా నడిచి, ఆ కాలుని మడిచి, దాపటన్న మీద కొత్తగా కప్పిన మట్టి పక్కన కూర్చున్నాడు.

ఏనుగమ్మ ఒక్కతే వైద్యశాలకి తిరిగొచ్చింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన: ఇన్నేళ్ళూ నేను బయట నిలబడి చదివిన అక్షరాలు, ఇవాళే లోపలికి ఎలా తిరిగాయి?

"నేనేం తప్పు చేశానమ్మా?" అంది నక్క, అడక్కుండానే. "తాడు వేసి కట్టానా? తలుపు మూశానా? మీరు చెక్కించినదాంట్లో ఒక్క అక్షరమైనా చెరిపానా?"

"చెరపలేదు. తిప్పి కట్టావు. అది లోపలివాళ్ళ కంటపడాలని నీకు తెలుసు, ఇందాక నీ నోటితో నువ్వే అన్నావు." అంది ఏనుగమ్మ. "నేనూ తప్పు చేశాను. పలక చూసి వెళ్ళానే గాని, లోపలికొచ్చి 'ఎలా ఉన్నావు నాయనా' అని ఒక్కణ్ణీ అడగలేదు. నా తప్పు ఆ దేవుడి ముందు నేను చెప్పుకుంటాను. నువ్వు మాత్రం వాగు దాటి వెళ్ళు. ఈ ఒడ్డు ఇక నీది కాదు."

నక్క ఇంకేదో అనబోయింది. వినడానికి నాలుగు పాకల్లో ఎవరూ మిగల్లేదు. కుందేలు, దుప్పి ఎప్పుడో ఇళ్ళకి బయల్దేరారు. సింగారి కొండవాలుకి వెళ్ళి వలపటన్న పక్కన కూర్చుని ఉంది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నక్క తడుస్తూ వాగు దాటింది.

హక్కు చెక్కి వేలాడదీస్తే చాలదు. అది ఎవరిదో, వేళ మించకముందే వాళ్ళ చెవిన వెయ్యాలి.