పాత కొయ్యకట్ట గుంజ

ఓబులేసు మనసు ఒకచోట నిలిచేది కాదు. చిదంబరయ్య స్వామి మఠంలో కళ్ళు మూసుకుంటే ఊళ్ళో పెళ్ళాం లింగమ్మ, పొలం కనబడేవి. ఊరెళ్ళి మేడి పడితే మఠం లాగేది. నాలుగేళ్ళుగా ఇదే తంతు. ఇటు జపమూ సాగలేదు, అటు సేద్యమూ సాగలేదు.

ఆ ఉదయం బావమరిది సుంకన్న బండి కట్టుకుని వచ్చాడు. దిగీ దిగగానే అక్క చెప్పమన్న మాట చెప్పేశాడు.

"ఏరువాక దగ్గర పడింది బావా. వస్తే ఇప్పుడే బండెక్కి రమ్మంది. రాకపోతే రానని ఒక్క మాట చెప్పమంది. పొలం కౌలుకిచ్చేసి మా ఇంటికొచ్చేస్తుందంట. ఈ రెంటికీ చెడ్డ రేవడి బతుకు తన వల్ల కాదంట."

లింగమ్మ అన్నంత పనీ చేసే మనిషి. ఓబులేసు బండి చుట్టూ తిరిగాడు, మఠం చుట్టూ తిరిగాడు, చివరికి పోయి స్వామి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఉండమంటారా, పొమ్మంటారా? మీరేది చెబితే అది."

"అదట్లా ఉంచు గానీ, పశువుల పాకకి ఒక గుంజ కావాల. ఎద్దులు ఎట్లాగూ వచ్చినయి. ఏటికి పోదాం పా."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు, అనుకున్నాడు ఓబులేసు. పైకి అనలేక మోకు భుజాన వేసుకుని బండి వెంట నడిచాడు.

ఏటికి అడ్డంగా పాత కొయ్యకట్ట ఆనవాళ్ళున్నాయి. తాతల కాలంలో నల్లమద్ది గుంజలు వరసగా దిగేసి, సందుల్లో కంపా రాళ్ళూ కూరి, నీళ్ళను కాలవకు మళ్ళించేవాళ్ళు. వరదొస్తే కట్ట తెగేది. ఇంటికొకరు చొప్పున ఊరంతా ఏట్లో దిగి మళ్ళీ కట్టుకునేవాళ్ళు. ఎగువన రాతి ఆనకట్ట లేచాక దీని మొహం చూసినవాడు లేడు. కంప కొట్టుకుపోయింది, గుంజలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి మిగిలాయి.

ఓబులేసు ఒక గుంజ తలను రాయితో కొట్టి చూశాడు. ఖంగుమంది. అక్కడే మోకు బిగించాడు. సుంకన్న ఎద్దుల్ని అదిలించాడు. గుంజ ఫెళ్ళున విరిగి పైముక్క నీళ్ళలో పడింది.

"తల చూసి కట్టేస్తే ఎట్లా బావా?" అని నవ్వాడు సుంకన్న.

ఓబులేసుకు ఒళ్ళు మండింది. నీళ్ళలో కూర్చుని, చేతులతో ఇసుక తోడి, అడుగున మోకు వేసి లాగించాడు. ఈసారి కింది ముక్క మొత్తంగా బయటికొచ్చింది. నల్లగా, నిన్న నరికిన మానులా గట్టిగా ఉంది.

స్వామి రెండు ముక్కల్నీ గట్టు మీద పక్కపక్కన పెట్టించాడు. విరిగిన చోట, నీటి అంచు ఎక్కుతూ దిగుతూ తగిలే ఆ జానెడు మేరా బొటనవేలితో నొక్కాడు. పొడిపొడిగా రాలింది.

"పైన గట్టిగా ఉంది, కింద గట్టిగా ఉంది. ఇక్కడెందుకు పుచ్చింది స్వామీ?"

"పైముక్క ఎప్పుడూ ఎండలోనే ఉండె. కిందిది ఎప్పుడూ నీళ్ళలోనే ఉండె." స్వామి ఏట్లో చేతులు కడుక్కున్నాడు. "అవి రెండూ బాగానే ఉండాయి."

ఓబులేసు ఆ జానెడు చోటునే చూస్తూ నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వంగి స్వామి పాదాలు తాకాడు.

సుంకన్న ఎద్దుల్ని బండికి కట్టి ముందు కూర్చున్నాడు.

"పొద్దెక్కుతోంది బావా. అక్కకేం చెప్పమంటావు?"

"నువ్వేం చెప్పొద్దులే," అన్నాడు ఓబులేసు. "జరుగు. పగ్గాలిట్లా తే."